కొత్త పబ్లిక్ స్విమ్మింగ్ పూల్: కట్టడానికి అప్పు దొరుకుతుంది, నడపడానికి ఎవరిస్తారు?

మూడోమెట్టు:
ఒక నగరపాలక సంస్థ జనం కోసం కొత్త స్విమ్మింగ్ పూల్ కట్టాలనుకుంటోందనుకోండి. ఏ ఊరన్నది వద్దు, పేరెత్తితే చర్చ కాస్తా రాజకీయాల్లోకి పోతుంది. ముందున్న దారులు మూడు. బాండ్లు అమ్మి అప్పు తెచ్చి సొంతంగా కట్టుకోవడం. లేదా పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం): ఒక ప్రైవేటు కంపెనీ కట్టి, పాతిక ముప్ఫై ఏళ్ళు నడిపి, తర్వాత అప్పగించడం. లేదా పై ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేదాకా ఆగడం. ఇది కాక సైజు గొడవ ఒకటి: 50 మీటర్లదా, 25 మీటర్లదా?

పూల్స్‌లో పనిచేసినవాళ్ళు, ఈతగాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు చెప్పండి. "పూల్ ఎందుకు, రోడ్లు వేయండి" అనేవాళ్ళూ రావచ్చు, కానీ కారణం కూడా రాయండి.

గుట్టమీదరాయి:
కారణంతోనే వచ్చాను. ఒక్క మున్సిపల్ పూల్ చూపించండి, టికెట్ల డబ్బుతో తన ఖర్చు తాను భరించేది. కట్టిన రోజు రిబ్బన్ కత్తిరిస్తారు, నాలుగేళ్ళకు గేటుకు తాళం వేస్తారు. రియో 2016 ఒలింపిక్స్ కొలనుల ఫొటోలు గుర్తున్నాయా? ఆటలు ముగిసి ఏడాది తిరగకుండానే వార్మప్ కొలనులో నీళ్ళు బురద రంగుకు వచ్చాయి. తెల్ల ఏనుగు అంటే ఇదే. పైగా ప్రతి నగరానికీ ఏదో ఒక వేసవిలో తాగునీటి కటకట వస్తుంది. అప్పుడు అన్ని లక్షల లీటర్లు ఒకే గోతిలో పోసి కూర్చుంటామా?

పంపురూమ్:
రాయి గారూ, నీళ్ళ సంగతి నేను చెప్తాను. నేను పూల్ ప్లాంటు ఆపరేటర్‌ని, పగలంతా ఫిల్టర్ల మధ్యే.

50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అంటే 2,500 ఘనమీటర్లు, అంటే 25 లక్షల లీటర్లు. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ అది నింపేది ఒకసారి. ఆ తర్వాత అదే నీరు తిరుగుతూ ఉంటుంది: కొలను అంచు మీంచి పొర్లి బ్యాలెన్స్ ట్యాంకులోకి, అక్కడి నుంచి పంపు, ఇసుక ఫిల్టరు, హీటరు, క్లోరిన్ డోసింగ్, మళ్ళీ కొలనులోకి. పోటీ కొలనులో మొత్తం నీరు ఒక చుట్టు తిరగడానికి సుమారు నాలుగు గంటలు పెట్టుకుంటారు. చిన్నపిల్లల కొలనులో గంటలోపే తిప్పాలి, ఎందుకో చెప్పక్కర్లేదు.

రోజూ పోయేదల్లా ఆవిరి, ఒంటికి అంటుకుని బయటికి వెళ్ళేది, ఫిల్టరు కడిగే బ్యాక్‌వాష్. యూరప్‌లో చాలాచోట్ల పాటించే లెక్క ఏమిటంటే, దిగిన ఒక్కో మనిషికి 30 లీటర్ల కొత్త నీరు కలపాలి. రోజుకు 500 మంది వస్తే 15,000 లీటర్లు. ఆ బ్యాక్‌వాష్ నీటిని శుద్ధి చేసి టాయిలెట్లకు, మొక్కలకు వాడే ఏర్పాటు డిజైన్‌లోనే పెట్టుకోవచ్చు. కాబట్టి నీళ్ళు పెద్ద సమస్య కాదు. కరెంటు, వేడి, మనుషుల జీతాలు, ఇవీ అసలు ఖర్చులు.

జమాఖర్చు:
పంపురూమ్ గారి చివరి వాక్యం దగ్గరే మూడోమెట్టు గారి ప్రశ్నకు జవాబు మొదలవుతుంది.

బాండు డబ్బు మూలధన ఖర్చుకే. సిమెంటు, ఉక్కు, యంత్రాలు కొనొచ్చు. లైఫ్‌గార్డు జీతం, క్లోరిన్, కరెంటు బిల్లు అప్పు డబ్బుతో కట్టడం సాధారణంగా కుదరదు, కుదిరినా కట్టకూడదు. గ్రాంటు కూడా అంతే, దాదాపు ఎప్పుడూ కట్టడానికే ఇస్తారు. అంటే మూడు దారుల్లో ఏది పట్టినా కట్టే రోజు గురించే మాట్లాడుతున్నాం. కొలను నలభై, యాభై ఏళ్ళు ఉంటుంది. ఆ ఏళ్ళన్నింటి నిర్వహణ కూడితే కట్టిన ఖర్చును బాగా దాటిపోతుంది.

ఇక రాయి గారి సవాలు. టికెట్లతో పూర్తిగా గట్టెక్కే పబ్లిక్ పూల్ చాలా అరుదు, ఒప్పుకుంటాను. అయితే లైబ్రరీ లాభం తెస్తుందా? పార్కు తెస్తుందా? నష్టం అనే మాట తీసేసి "ఏటా ఎంత సబ్సిడీ, ఏ పద్దు కింద, ఎన్నేళ్ళకు హామీ" అని అడగండి. ఆ కాగితం లేకుండా శంకుస్థాపన చేసే కౌన్సిలే మీరు చెప్పిన తాళం వేసే కౌన్సిల్.

ఐదోలేన్:
సబ్సిడీ, పద్దులు సరే, 50 మీటర్లు లేకుండా ఎందుకండీ కట్టడం? 25 మీటర్లలో ఈదేవాళ్ళకు ప్రతి పాతిక మీటర్లకూ ఒక టర్న్, గోడను తన్నిన ఊపు. ఒలింపిక్స్ లాంగ్ కోర్స్‌లోనే, అంటే 50 మీటర్ల కొలనులోనే జరుగుతాయి. నగరం నుంచి ఒక్క ఈతగాడు పైకి రావాలన్నా 50 ఉండాలి. యాభై ఏళ్ళకు ఒకసారి కట్టేది, సగం కట్టి చేతులు దులుపుకోవడం ఏమిటి?

రబ్బరుబాతు:
ఐదోలేన్ తమ్ముడూ, మీ ఆవేశం అర్థమైంది. నేను పిల్లలకూ పెద్దవాళ్ళకూ ఈత నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న "కాళ్ళు నేలకు ఆనతాయా?" అని. రెండు మీటర్ల లోతున్న ఒలింపిక్ కొలనులో నేను ఒక్క కొత్త మనిషినీ దించలేను.

ఇంకో సంగతి, వేడి. పోటీ నీరు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని రూలు. అందులో నాలుగేళ్ళ పాపను అరగంట ఉంచితే పెదవులు నీలమవుతాయి. నేర్చుకునేవాళ్ళకు, కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు 30 పైన కావాలి. ఒకే తొట్టిలో రెండు ఉష్ణోగ్రతలు కుదరవు కదా. అందుకే ఒక పెద్ద కొలను కంటే రెండు చిన్నవి అడగండి అంటాను: ఒకటి 25 మీటర్ల లేన్లది, పక్కనే తక్కువ లోతున్న వెచ్చని నేర్పుడు కొలను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021 ఒక్క ఏడాదిలోనే దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. పదిలో తొమ్మిది మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లోనే. ఇంతమంది పోతున్నారనే జులై 25ను మునక నివారణ దినంగా ఐక్యరాజ్యసమితి 2021లో ప్రకటించింది. నగరం డబ్బు పెట్టడానికి నాకు తెలిసిన అతి బలమైన కారణం ఇది. పతకాలు తర్వాత.

గుట్టమీదరాయి:
మేడమ్, మునక ఆపడానికి ఇంత భవనం అవసరమా? బంగ్లాదేశ్‌లో చెరువులోనే వెదురు కర్రలతో వేదిక కట్టి పిల్లలకు ఈత నేర్పించారు. కరెంటు బిల్లు సున్నా.

రబ్బరుబాతు:
చాలా మంచి ఉదాహరణ, నేనూ దాన్ని అందరికీ చెప్తుంటాను. గ్రామంలో శుభ్రమైన చెరువు, పక్కన నిలబడే శిక్షణ పొందిన మనిషి ఉంటే అదే సరైన పద్ధతి. నగరంలో అలాంటి చెరువు ఒకటి చూపించండి, రేపే వెళ్ళి నేర్పుతాను. మురుగు కలిసిన నీళ్ళలో పిల్లలను దించమంటారా?

గుట్టమీదరాయి:
సరే, ఆ ఒక్క పాయింటు మీదే. సబ్సిడీ మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

నీలిటైలు:
ఆర్కిటెక్టుల తరఫున ఒక మధ్యేమార్గం. 50 మీటర్ల తొట్టి కట్టి మధ్యలో కదిలే అడ్డుగోడ పెడితే రెండు 25లుగా విడిపోతుంది. ఒకవైపు అడుగు పైకీ కిందికీ కదిలేలా పెడితే లోతు కూడా మారుతుంది. లండన్ 2012 ఆక్వాటిక్స్ సెంటర్‌లో ఇవి రెండూ ఉన్నాయి. అక్కడి తెలివి ఇంకోటి ఉంది: ఒలింపిక్స్ కోసం 17,500 సీట్లు పెట్టి, అందులో ఎక్కువ భాగం రెండు పక్కలా తాత్కాలిక రెక్కల్లో ఉంచారు. ఆటలయ్యాక రెక్కలు పీకేసి సుమారు 2,500కు తగ్గించి 2014 మార్చిలో జనానికి తెరిచారు. గ్యాలరీ మీద పెట్టే డబ్బు ఏడాదికి నాలుగు రోజులు పనికొస్తుంది. మిగతా రోజులన్నీ ఖాళీ కుర్చీల మీది గాలిని కూడా వేడిచేస్తూ కూర్చోవాలి.

జమాఖర్చు:
అదే లండన్ భవనానికి అయిన ఖర్చు కూడా రాయండి. 26.9 కోట్ల పౌండ్ల దాకా వెళ్ళింది. వంపు తిరిగిన పైకప్పు అందంగానే ఉంటుంది, బిల్లు కూడా దానికి తగ్గట్టే.

ఐదోలేన్:
కదిలే గోడకు నేను రెడీ. పతకాలు తర్వాత అన్నందుకు మాత్రం బాధపడ్డాను అక్కా :)

పంపురూమ్:
కదిలే అడుగు గురించి ఒక హెచ్చరిక. అది యంత్రం. దాని కింద నీరు సరిగ్గా తిరగకపోతే మురికి పేరుకుంటుంది, శుభ్రం చేయడానికి డైవర్ దిగాలి లేదా రోబో పెట్టాలి. టెండరులో అడుగు కొన్నవాళ్ళు దాని వార్షిక సర్వీసు కాంట్రాక్టు కూడా అప్పుడే కొనాలి. లేకపోతే ఏదో ఒక రోజు 1.2 మీటర్ల దగ్గర ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. నేను పనిచేసిన ఒక చోట అలాగే ఉండిపోయింది. విడిభాగం వచ్చేదాకా పెద్దవాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో వాకింగ్ చేశారు.

వేడి లెక్క కూడా చూసుకోండి. ఒక ఘనమీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 1.16 యూనిట్లు. 2,500 ఘనమీటర్లను ఒక్క డిగ్రీ పెంచాలంటే సుమారు 2,900 యూనిట్లు. 25 మీటర్ల కొలను 20 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు అనుకుంటే 750 ఘనమీటర్లు, 870 యూనిట్లు. అదైనా ఒకసారి పెట్టే ఖర్చు. రోజూ పోయేది ఆవిరిలో. వెయ్యి లీటర్లు ఆవిరైతే దాంతోపాటు 680 యూనిట్ల వేడి ఎగిరిపోయినట్టే. అందుకే రాత్రి మూసేటప్పుడు కొలను మీద కప్పే కవర్, అదే అన్నిటికన్నా చవకైన ఆదా. టెండరులో మొదట కోసేసేదీ అదే, ఎందుకో ఇప్పటికీ అంతు చిక్కదు.

నీలిటైలు:
పంపురూమ్ గారి ఆవిరి మాట పట్టుకుని భవనం గురించి కొంచెం విస్తారంగా రాస్తాను, ఎందుకంటే పూల్ ఖర్చు పెరిగేదీ, ప్రమాదం దాగేదీ ఇక్కడే.

కప్పు ఉన్న కొలనులో గాలిని నీటికంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడిగా, తేమను 50 నుంచి 60 శాతం మధ్య ఉంచుతారు. గాలి చల్లగా ఉంటే నీరు ఎక్కువ ఆవిరవుతుంది, తేమ పెరిగితే అద్దాల మీద, గోడల లోపల నీరు పడుతుంది. ఆ నీటిలో క్లోరిన్ సమ్మేళనాలు కలిసి ఉంటాయి. అవి ఉక్కును నెమ్మదిగా తినేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ కదా, తుప్పు పట్టదు అనుకునేవాళ్ళు స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్ సంగతి తెలుసుకోవాలి. అక్కడి ఇండోర్ పూల్‌లో కాంక్రీటు సీలింగు స్టెయిన్‌లెస్ కడ్డీలకు వేలాడుతుండేది. 1985 మేలో అది మొత్తంగా కూలి 12 మంది చనిపోయారు. భవనం వయసు అప్పటికి పదమూడేళ్ళే. బయటికి కనిపించకుండా క్లోరైడ్ వల్ల కడ్డీల్లో పగుళ్ళు వచ్చాయి. ఆ ఘటన తర్వాతే కొలను పైన వేలాడే ప్రతి బోల్టుకూ ఏ రకం లోహం వాడాలి, ఎప్పుడెప్పుడు తనిఖీ చేయాలి అన్న పట్టింపు పెరిగింది. "తక్కువ ధర కోట్ చేసినవాడికే పని" అనే రూలును పూల్ కప్పు విషయంలో గుడ్డిగా పాటించొద్దు.

కరెంటు వైపు చూస్తే జర్మనీలోని బాంబెర్గ్, ల్యూనెన్‌లలో 2011లోనే పాసివ్ హౌస్ పద్ధతిలో పబ్లిక్ కొలనులు కట్టారు. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ నగర కౌన్సిల్ 2022లో అలాంటిదే ఒకటి తెరిచింది. కిటుకు సులువే: గోడలకు మందమైన ఇన్సులేషన్, మూడు పొరల అద్దాలు. అద్దం లోపలి వైపు వెచ్చగా ఉంటుంది కాబట్టి తేమ కొంచెం ఎక్కువున్నా నీరు పట్టదు. తేమ ఎక్కువ ఉంచగలిగితే ఆవిరి తగ్గుతుంది, ఆవిరి తగ్గితే బిల్లు తగ్గుతుంది. ముందు ఖర్చు ఎక్కువే. జమాఖర్చు గారు చెప్పిన నలభై ఏళ్ళ లెక్క వేస్తేనే దీని విలువ కనిపిస్తుంది. కట్టే డబ్బు ఒక శాఖది, బిల్లు కట్టేది ఇంకో శాఖ అయితే ఆ లెక్క ఎవరూ వేయరు.

మూడోమెట్టు:
ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, థ్యాంక్స్ అందరికీ. అసలు కప్పు అవసరమా? ఓపెన్ పూల్ అయితే సగం ఖర్చు తగ్గదా?

పంపురూమ్:
వెచ్చని వాతావరణంలో, ఏడాదిలో ఎక్కువ నెలలు వాడుకోగలిగితే ఓపెనే మేలు. డీహ్యూమిడిఫయర్లు (గాలిలో తేమ లాగే యంత్రాలు), పెద్ద డక్టులు అక్కర్లేదు. ఎండకు క్లోరిన్ తొందరగా విరిగిపోతుంది, ఆకులు పడతాయి, నాచు పట్టకుండా కాపలా కాయాలి. నీడ కోసం ఒక రేకుల పందిరి చాలు. చలి ప్రాంతమైతే ఇండోర్ తప్పదు.

పాతపేజీలు:
డబ్బు గురించిన ఈ గొడవ కొత్తది కాదు. కొంచెం పాత కథ, ఓపికుంటే చదవండి.

లివర్‌పూల్‌లో 1842లో పేదల కోసం స్నానాల గదులు, బట్టలుతికే చోటు కలిపి తెరిచారు. అంటువ్యాధుల భయం వెనకాల ఉంది. 1846లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసి, పట్టణాలు ఇంటిపన్ను ఆధారంగా అప్పు తెచ్చి ఇలాంటివి కట్టుకోవచ్చని అనుమతించింది. కట్టి తీరాలని బలవంతం లేదు, కానీ కడితే షరతులున్నాయి: కూలిజనానికి చన్నీటి స్నానం ఒక పెన్నీ, వేడినీటిది రెండు పెన్నీలు దాటకూడదు. ఖరీదైన తరగతి గదులు ఎన్ని ఉంటే దానికి కనీసం రెండింతలు చవక గదులు ఉండాలి. చూశారా, అప్పుకు అనుమతి ఇచ్చిన చట్టంలోనే టికెట్ ధరకు పైహద్దు కూడా రాశారు. 1878 సవరణతో కప్పున్న ఈత కొలనులకు దారి ఏర్పడింది, చలికాలంలో వాటిని మూసి వ్యాయామశాలలుగా వాడుకోవచ్చన్నారు. చలికాలంలోనూ భవనం ఖాళీగా ఉండకూడదన్న ఆలోచన అప్పుడే ఉంది.

రెండోది న్యూయార్క్. 1936 వేసవిలో ఒకే సీజన్‌లో 11 పెద్ద కొలనులు తెరిచారు. మహామాంద్యం నాటి ఉపాధి పథకం కింద ఫెడరల్ డబ్బు వచ్చింది, పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ కట్టించాడు. కట్టడం అద్భుతం. కానీ నిర్వహణ నగరం నెత్తిన పడింది. బ్రూక్లిన్‌లోని మెక్‌కారెన్ కొలను 1980లలో మూతపడి మళ్ళీ 2012లో గానీ ఈతకు తెరుచుకోలేదు. పైనుంచి వచ్చే గ్రాంటు కోసం ఎదురుచూసే మూడో దారి గురించి అడిగారు కదా, దాని మంచీ చెడూ రెండూ అందులోనే ఉన్నాయి.

మూడోది చెప్పడానికి కష్టంగా ఉంటుంది. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళనూ ఒకే కొలనులోకి రానివ్వాలని కోర్టులు అనేసరికి కొన్ని నగరాలు కొలనులనే మూసేశాయి. మిసిసిపిలోని జాక్సన్ అలాగే చేసింది. 1971లో సుప్రీంకోర్టు అయిదుగురు వర్సెస్ నలుగురు తేడాతో ఆ మూసివేతను తప్పు పట్టలేదు. పబ్లిక్ అంటే ఎవరన్నది ఒప్పందంలో రాయకపోతే, తర్వాత ఎవరో ఒకరు తమకు తోచినట్టు రాస్తారు.

గుట్టమీదరాయి:
పాతపేజీలు గారూ, మీ పోస్టు చదవడానికి సెలవు పెట్టాలి. కానీ 1846 షరతు నచ్చింది. ప్రజల అప్పుతో కట్టి క్లబ్ మెంబర్‌షిప్ ధర పెట్టే వాళ్ళకు అది చూపించాలి.

జమాఖర్చు:
అక్కడి నుంచే పీపీపీకి వస్తాను. పీపీపీ అనే పేరు కింద రెండు వేర్వేరు ఒప్పందాలు నడుస్తాయి.

మొదటిది: కంపెనీ కట్టి, టికెట్లు అమ్ముకుని డబ్బు రాబట్టుకుంటుంది. జనం రాకపోతే నష్టం కంపెనీది. అలాంటప్పుడు అది ఏం చేస్తుంది? లాభం తెచ్చే జిమ్, స్లైడ్, కెఫే పెంచుతుంది, నష్టం తెచ్చే స్కూలు పిల్లల క్లాసులు కోస్తుంది. దాన్ని తప్పు పట్టలేం, ఒప్పందమే అలా రాశారు.

రెండోది: నగరం ఏటా ఒక నిర్ణీత మొత్తం చెల్లిస్తుంది, జనం వచ్చినా రాకపోయినా. నీటి వేడి, శుభ్రత, తెరిచి ఉంచే గంటలు తగ్గితే ఆ మొత్తంలో కోత. ఇది మెరుగే, కాకపోతే ఇది కూడా అప్పే, పేరు వేరు. పుస్తకాల్లో అప్పులా కనిపించకుండా పాతిక ముప్ఫై ఏళ్ళు కడుతూ పోతారు. ప్రైవేటు కంపెనీ తెచ్చే అప్పుకు వడ్డీ సాధారణంగా నగరం సొంతంగా తెచ్చే దానికంటే ఎక్కువ. ఆ తేడాకు సరిపడా సామర్థ్యం కంపెనీ చూపించాలి. చూపిస్తుందో లేదో పక్కనే సొంత నిర్మాణం అంచనా పెట్టి పోల్చకుండా తెలియదు. రెండు రకాల్లోనూ చివరి అయిదేళ్ళు జాగ్రత్త. అప్పగించే ముందు ఫిల్టర్లు, పంపులు ఏ స్థితిలో ఉండాలో రాయకపోతే, నగరం చేతికి వచ్చేది అరిగిపోయిన యంత్రాల గది.

బాండ్లలోనూ తేడా ఉంది. నగరం మొత్తం పన్ను ఆదాయం హామీగా పెట్టేవి ఒక రకం. కేవలం పూల్ ఆదాయం నుంచి తీర్చేవి ఇంకో రకం. రెండో రకానికి వడ్డీ ఎక్కువ పడుతుంది, ఎందుకంటే పూల్ ఆదాయం ఎంతో కొనేవాడికి తెలుసు! నా ఓటు మొదటి రకానికే. ఒక్క షరతు, తీర్చే గడువు ఆస్తి ఆయుష్షు దాటకూడదు. మాంట్రియల్ 1976 ఒలింపిక్స్‌కు చేసిన అప్పు, ముఖ్యంగా స్టేడియం అప్పు, పొగాకు మీద ప్రత్యేక పన్ను వేసి మరీ 2006 దాకా తీర్చారు.

ఐదోలేన్:
అంటే పెద్ద పోటీలు అసలు తేవద్దంటారా?

నీలిటైలు:
తేవచ్చు, కొలను కట్టకుండానే. పారిస్ 2024లో ఈత పోటీలు రగ్బీ మైదానంలో పెట్టిన తాత్కాలిక కొలనులో జరిగాయి. అదే ఏడాది అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ ఇండియానాపొలిస్ ఫుట్‌బాల్ స్టేడియంలో. పారిస్ ఆటలకు శాశ్వతంగా కట్టిన కొత్త కొలను భవనం ఆ నగరం పక్కనున్న సెయింట్ డెనీలో, డైవింగ్, వాటర్ పోలో లాంటి వాటికి. ఆటలయ్యాక దాన్ని స్థానికులకు తెరిచారు, పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళున్నాయి. ఛాంపియన్ల ప్రేక్షకులకు తాత్కాలికం, ఇరుగుపొరుగుకు శాశ్వతం.

ఐదోలేన్:
ఆ పారిస్ కొలను లోతు 2.15 మీటర్లే, అలల వల్ల టైమింగ్స్ రాలేదని ఎంత గొడవ జరిగింది. సరే. కనీసం ఇదొక్కటి రాసిపెట్టుకోండి: 25 అన్నా 50 అన్నా, టైమింగ్ టచ్ ప్యాడ్లు (ఈతగాడి చెయ్యి తగలగానే సమయం నమోదు చేసే గోడ పలకలు) పెట్టిన తర్వాత అంత పొడవు ఉండాలి. ఒక్కో ప్యాడ్ సెంటీమీటరు దాకా మందం. కాంట్రాక్టరు గీసి గీసి సరిగ్గా 50 మీటర్లు కడితే, రెండు వైపులా ప్యాడ్లు పెట్టాక పొట్టిది అవుతుంది. అందులో చేసిన రికార్డు చెల్లదు. టైల్స్ వేశాక పగలగొట్టడం ఎవరి వల్లా కాదు.

రబ్బరుబాతు:
ఇది మాత్రం బంగారం లాంటి మాట తమ్ముడూ. నేను ఇంకో రెండు కలుపుతాను. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు నీళ్ళలోకి దిగే ర్యాంపు (12కు 1 వాలు చాలు) లేదా లిఫ్టు. మెట్లు, నిచ్చెన మాత్రమే పెట్టి "అందరిదీ" అని బోర్డు పెడితే సరిపోదు. రెండోది బట్టలు మార్చుకునే గదులు: కుటుంబం అంతా కలిసి వాడుకునే విడి క్యాబిన్లు పెడితే, ఒంటరిగా కొడుకుతో వచ్చే తల్లికీ, కూతురితో వచ్చే తండ్రికీ, ముసలి అమ్మను తెచ్చే కొడుక్కీ ఇబ్బంది పోతుంది. వీటిని ప్లాన్ దశలో అడిగితే పెద్ద ఖర్చు కాదు.

పంపురూమ్:
షవర్లు మర్చిపోకండి. "క్లోరిన్ వాసన ఎక్కువగా ఉంది, ఎక్కువ వేశారు" అని అందరూ నన్ను తిడతారు. ఆ వాసన ఉత్త క్లోరిన్‌ది కాదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి పుట్టే క్లోరమైన్లది. కళ్ళు మండేదీ వాటివల్లే. దిగేముందు సబ్బుతో స్నానం చేస్తే సగం సమస్య పోతుంది. ఐస్‌లాండ్‌లో అది కచ్చితం, స్విమ్‌సూట్ లేకుండా స్నానం చేశాకే కొలనులోకి. అందరికీ చెప్పి ఒప్పించలేం కాబట్టి షవర్లను కొలనుకు వెళ్ళే దారిలోనే, తప్పించుకోలేనట్టు పెట్టించండి.

క్రిప్టోస్పొరీడియం అనే సూక్ష్మజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో వారం దాటి బతుకుతుంది. విరేచనాలున్న ఒక్క పిల్లవాడు చాలు. అందుకే కొత్త ప్లాంటులో ఫిల్టరు తర్వాత యూవీ (అతినీలలోహిత కాంతి) దీపాలు పెట్టించుకోవడం మంచిది.

గుట్టమీదరాయి:
ఇంక నేను పూల్‌లో దిగను.

మోడరేటర్:
టాపిక్ మీదే ఉండండి. మూత్రం ఉపచర్చకు ఇక్కడితో తెర.

మూడోమెట్టు:
:) ఒక చివరి సందేహం. కరెంటు ధర ఒక్కసారిగా పెరిగితే? ఇరవై ఏళ్ళ ఒప్పందంలో అది ఎవరి నెత్తిన?

జమాఖర్చు:
ఒప్పందంలో ఎవరి పేరు రాస్తే వాళ్ళ నెత్తిన. ఏమీ రాయకపోతే చివరికి నగరం నెత్తినే, ఎందుకంటే కంపెనీ తాళం వేసి పోగలదు, నగరం పోలేదు. బ్రిటన్‌లో 2022లో ఇంధన ధరలు ఎగబాకినప్పుడు ఎన్నో కొలనులు గంటలు తగ్గించాయి, కొన్ని మూతపడ్డాయి. 2023 మార్చి బడ్జెట్‌లో ఇంగ్లండ్ కొలనుల కోసం ప్రభుత్వం 6 కోట్ల 30 లక్షల పౌండ్లకు పైగా ప్రత్యేకంగా ఇవ్వాల్సి వచ్చింది. అందులో పెద్ద భాగం ఇన్సులేషన్, సోలార్, పంపుల లాంటి ఆదా పనులకే.

నీలిటైలు:
వృథా వేడి దొరికే చోటు పక్కన స్థలం వెతకడం ఇంకో ఉపాయం. పారిస్‌లో బ్యూట్ ఓ కాయ్ కొలనుకు 2017లో కంప్యూటర్ సర్వర్ల వేడి అందించడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లోని ఎక్స్‌మత్‌లో 2023లో చిన్న డేటా సెంటర్ పెట్టెను కొలను దగ్గరే పెట్టారు. ఐస్ రింకు, చెత్త నుంచి విద్యుత్ తీసే కేంద్రం, ఏదైనా సరే. స్థలం ముందు కొనేసి తర్వాత ఇంజనీరును పిలిస్తే ఈ అవకాశం ఉండదు.

గుట్టమీదరాయి:
సరే, నా చివరి బేరం. రెండు చిన్న కొలనులు, ఓపెన్ లేదా పాసివ్, చవక టికెట్ హద్దు రాతలో, బాండు మొదటి రకం, గ్యాలరీ వద్దు. ఏటా సబ్సిడీ ఎంతో ముందే తీర్మానం. దీనికైతే రోడ్ల పద్దులోంచి కాస్త తీసినా నేను అడ్డుపడను. సబ్సిడీ తీర్మానం లేకుండా వస్తే మాత్రం మొదటి అభ్యంతరం నాదే.

ఐదోలేన్:
కనీసం పోటీ కొలను 8 లేన్లు ఇవ్వండి సార్.

గుట్టమీదరాయి:
ఆరు.

జమాఖర్చు:
వారం వారీ టైమ్‌టేబుల్ ముందు రాయండి, లేన్లు ఎన్ని కావాలో అదే చెప్తుంది. పొద్దున క్లబ్బు శిక్షణ, తర్వాత స్కూళ్ళు, మధ్యాహ్నం పెద్దవాళ్ళు, సాయంత్రం క్లాసులు, రాత్రి లేన్ ఈత. లైఫ్‌గార్డులు ఎందరు కావాలో కూడా ఆ పట్టిక నుంచే తేలుతుంది. పది సెకన్లలో గమనించి, ఇరవై సెకన్లలో చేరుకోవాలన్నది వాళ్ళు వాడే లెక్క. రెండు కొలనులైతే రెండు చోట్లా మనుషులు కావాలి, రబ్బరుబాతు గారి ప్రతిపాదనలో ఆ జీతాలు కలపడం మర్చిపోవద్దు.

రబ్బరుబాతు:
కలిపే అడిగాను జమాఖర్చు గారూ. రెండు కొలనుల మధ్య గోడ పెట్టకుండా అద్దం పెడితే సూపర్‌వైజర్ రెండింటినీ చూడగలడు. కాపలా మాత్రం దేనికదే, అందులో బేరం లేదు.

పంపురూమ్:
మూడోమెట్టు గారూ, కౌన్సిల్‌కు రాసే కాగితంలో ఇది కూడా పెట్టండి. కాంక్రీటు తొట్టి అయ్యాక, టైల్స్ వేయకముందే నిండా నీళ్ళు పోసి కొన్ని రోజులు మట్టం కొలిపించండి. పక్కన ఒక బకెట్‌లో కూడా నీళ్ళు పెట్టాలి, ఆవిరి ఎంతో దాన్ని బట్టి తెలుస్తుంది. తొట్టి మట్టం బకెట్ కంటే ఎక్కువ తగ్గితే లీకు. ఆ పరీక్ష పాసయ్యేదాకా కాంట్రాక్టరు తదుపరి బిల్లు ఆపాలి. ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటించేసి ఈ పరీక్షను ఎగ్గొడతారు, చూస్తూనే ఉన్నాను.

మూడోమెట్టు:
రాసుకున్నాను. టైమ్‌టేబుల్ డ్రాఫ్టు, నలభై ఏళ్ళ ఖర్చు పట్టిక రెండూ తయారుచేసి ఇక్కడే పెడతాను. రాయి గారూ, లేన్ల దగ్గర ఏడుకు వస్తారా?

గుట్టమీదరాయి:
పట్టిక పెట్టండి, చూసి చెప్తాను.